మణికట్టు మీది మర్యాద

ఖరీదైన వాచీ పెట్టుకుంటే ఎదుటివాళ్ళు మనకు ఎక్కువ విలువిస్తారా? మొదటి ఉద్యోగంలో చేరబోయే మా బంధువుల పిల్లలు ఈ మధ్య నన్ను తరచు ఇదే అడుగుతున్నారు. నేను ఉద్యోగమంతా బ్యాంకులోనే చేశాను. ఎక్కువ కాలం అప్పు కోసం వచ్చినవాళ్ళ ఎదురుగా కూర్చున్నాను, కొన్నాళ్ళు ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నాను. కొత్త మనిషిని చూసి అంచనా కట్టడమే ఆ కుర్చీల్లో పని. అక్కడ నేర్చుకున్నవి నాకు తోచిన వరసలో చెబుతాను.

1. ఒకప్పుడు వాచీ జీతాన్ని చెప్పేది. ఇప్పుడు చెప్పదు.

మా చిన్నతనంలో చేతికి వాచీ ఉందంటే ఆ మనిషికి నెల తిరిగేసరికి జీతం వస్తుందని అర్థం. మేస్టారు, పోస్టుమాస్టరు, రైల్వే గుమాస్తా, వీళ్ళకే వాచీతో పని. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలయ్యాకే మధ్యతరగతి చేతికి వాచీ అందింది. జనతా, పైలట్, సోనా, కాంచన్ అని పేర్లు. కాంచన్‌కు తప్ప మిగతావాటికి రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకోవాలి. కాంచన్ దొరకడం కష్టం కాబట్టి పెళ్ళిళ్ళ సీజన్లో తెలిసినవాళ్ళ చేత సిఫార్సు చేయించుకునేవారు. తర్వాత మన హైదరాబాదు ఆల్విన్ కూడా సీకో వాళ్ళతో కలిసి వాచీలు చేసింది.

1980ల్లో గల్ఫ్ వాచీ వచ్చింది. కడప, కరీంనగర్, గోదావరి జిల్లాల నుంచి దుబాయ్, కువైట్ వెళ్ళినవాళ్ళు సెలవుకు వస్తూ సీకో ఫైవ్ తెచ్చుకునేవారు. కీ ఇవ్వనక్కర్లేదు, చెయ్యి కదిలితే నడుస్తుంది. డయల్ మీద కుడిపక్క చిన్న కిటికీలో తేదీ, దాని పక్కన వారం పేరు. కొన్నిటిలో ఆ వారం పేరు అరబ్బీలో ఉండేది. ఇంగ్లీషులోకి మార్చుకునే వీలున్నా చాలామంది మార్చేవాళ్ళు కాదు. ఆ అక్షరాలే కువైట్‌కు సాక్ష్యం మరి. పొడుగు చేతుల చొక్కాకు ఎడమ వైపు ఒక మడత ఎక్కువ పెట్టుకుని బ్యాంకుకు డ్రాఫ్టు మార్చుకోవడానికి వచ్చేవారు. ఎండలో ఇనుప చువ్వలు మోసి సంపాదించిన వాచీ అది. దాన్ని నలుగురూ చూడాలనుకోవడంలో తప్పేముంది? అది చూసినప్పుడల్లా నాకు గౌరవమే కలిగేది.

ఆ రోజుల్లో వాచీని బట్టి మనిషి స్థితిని ఊహించడం పెద్ద పొరపాటేమీ కాదు. ఇప్పుడు ప్రతి జేబులోనూ ఫోను ఉంది, అందులో టైము ఉంది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. టైము కోసం వాచీ కొనే అవసరమే పోయాక, లక్ష రూపాయల వాచీ కూడా వాయిదాల మీద దొరుకుతున్నాక, చేతికి ఉన్నది చూసి జీతం చెప్పడం ఎవరి తరమూ కాదు.

2. గుర్తుపట్టేవాడు ఉంటేనే దాని ఖరీదుకు అర్థం.

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారి ముందుకు పది లక్షల స్విస్ వాచీ పెట్టుకుని వెళ్ళండి. ఆయన మీ ఉంగరం చూస్తాడు, కారు చూస్తాడు, ఎవరి తాలూకు అని అడుగుతాడు. వాచీ వైపు ఆయన చూపు పోదు. అదే వాచీని జూబ్లీహిల్స్‌లో ఒక విందులో నలుగురు ఇట్టే పట్టేస్తారు. ఖరీదైన వాచీ తెలిసినవాళ్ళ మధ్యే మాట్లాడుతుంది. మీరు ఎవరి దగ్గర మర్యాద కోరుకుంటున్నారో వాళ్ళకు ఆ కంపెనీ పేరైనా తెలుసా అని ముందు ఆలోచించుకోండి.

3. మొదటి చూపు నిజంగానే పనిచేస్తుంది, అందుకే దాన్ని అదుపులో పెట్టుకోవాలి.

రూపం ముఖ్యం కాదు, గుణమే ముఖ్యం అని పెద్దలం పిల్లలకు చెబుతాం. కానీ మనుషుల చూపు ఆ మాట వినదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విలిస్, తొదొరోవ్ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక ముఖాన్ని సెకనులో పదో వంతు చూస్తే చాలు, నమ్మదగిన మనిషో కాదో మనసు ఒక తీర్పు ఇచ్చేస్తుంది. ఎక్కువ సేపు చూడనిస్తే ఆ తీర్పు పెద్దగా మారదు, దాని మీద నమ్మకం మాత్రం పెరుగుతుంది. తర్వాత అక్కడివాళ్ళే బట్టల మీద పరిశోధించారు. అవే ముఖాలను కాస్త ఖరీదైనవిగా కనిపించే బట్టల్లో చూపిస్తే ఎక్కువ సమర్థులన్నారు, సాదా బట్టల్లో చూపిస్తే తక్కువన్నారు. బట్టలను పట్టించుకోవద్దని ముందే చెప్పినా ఫలితం అంతే.

ఇది చదివినప్పుడు నాకు ఇంటర్వ్యూ గదులు గుర్తొచ్చాయి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రాత్రంతా బస్సులో వచ్చి, స్టాండులోనే ముఖం కడుక్కుని, అన్నయ్య చొక్కా తొడుక్కుని వచ్చిన కుర్రాడు తలుపు తీసేసరికే వెనకబడి ఉంటాడు. వాడు నోరు విప్పకముందే మన మనసు వాడికి ఒక మార్కు తగ్గించేసి ఉంటుంది. బోర్డులో కూర్చునే పెద్దలు ఈ సంగతి ఎరిగి ఉండాలి. నేను పాటించిన పద్ధతి ఒకటే. అభ్యర్థి వచ్చి కూర్చున్నాక మొదటి రెండు ప్రశ్నలు అందరికీ ఒకటే వేసేవాణ్ణి, వాటికి జవాబు పూర్తయ్యాకే కాగితం మీద పెన్ను పెట్టేవాణ్ణి. సహచరులనూ అలాగే చేయమనేవాణ్ణి.

పిల్లలకు చెప్పేది కూడా ఉంది. మన దేశంలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న నళినీ అంబాడీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. అధ్యాపకులు పాఠం చెబుతున్న వీడియోలు అరనిమిషం లోపువి, శబ్దం తీసేసి, వాళ్ళెవరో తెలియనివాళ్ళకు చూపించారు. వీళ్ళిచ్చిన మార్కులు, టర్మంతా పాఠాలు విన్న విద్యార్థులిచ్చిన మార్కులకు చాలా దగ్గరగా వచ్చాయి. శబ్దం లేని ఆ కొద్ది సెకన్లలో జనం చూసినవి నిలబడిన తీరు, చేతుల కదలిక, ముఖంలో ఉత్సాహం. ఇంటర్వ్యూకి ముందు వాచీల షాపుకు వెళ్ళే సాయంత్రం, అద్దం ముందు కూర్చుని నాలుగు జవాబులు గట్టిగా చెప్పుకుంటే ఎక్కువ లాభం. చొక్కా ఇస్త్రీ చేయించుకోండి, గోళ్ళు తీసుకోండి. వాచీ ఉంటే పట్టీ మురికి లేకుండా చూసుకోండి, అంతవరకు చాలు.

4. వాచీ చూసి ధర చెప్పేవాళ్ళుంటారు.

ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీతో, పెళ్ళికి క్యాటరింగ్ వాళ్ళతో, స్థలం కొనేటప్పుడు బ్రోకరుతో మాట్లాడే ముందు ఖరీదైన వాచీ తీసి జేబులో వేసుకోండి. పెద్ద హోటల్లో అది కాస్త వినయం తెచ్చిపెడుతుందన్నది నిజమే. బేరం దగ్గర ఆ వినయానికి ధర మీరే కట్టాలి.

5. స్నేహం కావాలంటే అది అడ్డు.

గార్సియా అనే ఆయన, మరో ఇద్దరు కలిసి అమెరికాలో చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. కొత్తవాళ్ళతో స్నేహం కలుపుకోవాలంటే ఖరీదైన వస్తువులతో వెళ్తారా, మామూలువాటితోనా అని అడిగితే ఎక్కువమంది ఖరీదైనవాటినే ఎంచుకున్నారు. ఎలాంటివాళ్ళతో స్నేహం చేస్తారని ఎదుటి పక్షాన్ని అడిగితే, మామూలు వస్తువులు పెట్టుకున్నవాళ్ళతో అన్నారు. మన అపార్టుమెంట్లలో, కుటుంబ ఫంక్షన్లలో నేను చూసిందీ ఇదే. మెరిసే వాచీ ఉన్న మేనమామ దగ్గరికి చేబదులు అడిగేవాళ్ళు వస్తారు. కష్టం చెప్పుకోవడానికి పిల్లలు ఇంకొకరి దగ్గరికి వెళ్తారు.

6. అప్పిచ్చేవాడు చెయ్యి చూడకూడదు, ఖాతా చూడాలి.

ఒక వస్త్ర వ్యాపారి ఓవర్‌డ్రాఫ్టు పరిమితి పెంచమని వచ్చాడు. బంగారు రంగు వాచీ. మాట్లాడినంతసేపూ ఎడమ చెయ్యి నా బల్ల మీదే ఉంది. స్టాక్ స్టేట్‌మెంట్లో సరుకు బ్రహ్మాండంగా ఉంది. గోడౌనుకు వెళ్ళి చూశాను. అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ముందు వరస పెట్టెలు బరువుగా ఉన్నాయి. రెండో వరసలో పెట్టెను రెండు వేళ్ళతో తోస్తే కదిలింది. మూడో వరసా అంతే. పరిమితి పెంచలేదు. ఖరీదైన వాచీ పెట్టుకున్నవాళ్ళంతా ఇలాంటివాళ్ళని అనడం లేదు, ఒక్క వాయిదా తప్పకుండా కట్టినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అప్పు తీర్చే శక్తి చెక్కులు వెనక్కి రాకపోవడంలో కనిపిస్తుంది, కరెంటు బిల్లులో, ఖాతాలో తిరిగే డబ్బులో కనిపిస్తుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకులో వేల కోట్ల మోసం 2018లో బయటపడ్డాక, అందులో నిందితుడైన వజ్రాల వ్యాపారి నీరవ్ మోదీ నుంచి స్వాధీనం చేసుకున్న వస్తువులను ఈడీ 2020లో వేలం వేయించింది. వాటిలో ప్రపంచంలోని మేలుజాతి వాచీలున్నాయి. ఆ చేతి గడియారాలు చూసి ఎంతమంది అధికారులు కుర్చీలోంచి లేచి నిలబడ్డారో ఊహించుకోవచ్చు.

బ్యాంకు బయట, ప్రజా పదవిలో ఉన్నవాళ్ళ చేతికి ఖరీదైన వాచీ ఉంటే అది మర్యాద తేదు, ప్రశ్న తెస్తుంది. 2016లో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చేతికున్న హుబ్లో వాచీ మీద ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. స్నేహితుడిచ్చిన బహుమతి అని ఆయన చెప్పారు, చివరికి దాన్ని శాసనసభ స్పీకరుకు అప్పగించారు. పదవి లేనివాళ్ళ వాచీ మీదా ఒక కన్ను ఉంది. 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన చేతి గడియారం కొంటే ఒక శాతం పన్ను అమ్మేవాడే వసూలు చేసి మీ పాన్ నంబరు మీద జమ చేస్తున్నాడు. అంటే మీ వాచీని అందరికంటే శ్రద్ధగా చూసేది ఆదాయపు పన్ను శాఖే.

7. ఇష్టంతో కొనేవాణ్ణి తప్పుపట్టకండి.

ఖరీదు పెరిగితే టైము బాగా చూపిస్తుందనుకోవడం పొరపాటు. క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఎనిమిది వందల రూపాయల వాచీలో కూడా నెలకు కొద్ది సెకన్లే తేడా వస్తుంది. స్ప్రింగుతో నడిచే స్విస్ వాచీకి ఉత్తమమైనదని పత్రం ఇవ్వాలంటే రోజుకు నాలుగు సెకన్ల ఆలస్యం నుంచి ఆరు సెకన్ల ముందు వరకు తేడాను ఒప్పుకుంటారు. 1969లో సీకో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అమ్మకానికి పెట్టిన తర్వాత క్రమంగా ఖచ్చితత్వం చవకైపోయింది. లక్షలు పోసేవాడు కొనేది పనితనం.

ఆ పనితనం చూడాలంటే వాచీ రిపేరు చేసేవాడి పక్కన కాసేపు కూర్చోవాలి. తెనాలిలో నాకు తెలిసిన ఒకాయన షాపు, మనిషి ఒరిగితే రెండు గోడలూ తగిలేంత. కంటికి భూతద్దం బిగించుకుని వెనక మూత విప్పేవాడు. మూత లోపలి వైపు నన్ను చూడమనేవాడు. వెంట్రుకంత సన్నని గీతలతో తేదీలుండేవి. ఎవరు సర్వీసు చేస్తే వాళ్ళు అక్కడ సూదితో గుర్తు పెట్టుకోవడం ఆ వృత్తిలో ఆనవాయితీ. ఒక పాత హెచ్‌ఎంటీ మూత మీద తండ్రి కాలం నుంచి కొడుకు కాలం దాకా వరసగా గుర్తులున్నాయి. "ఈ ఇంట్లోవాళ్ళు వస్తువును చూసుకుంటారండీ" అన్నాడాయన. ఆ వాచీకి బజారులో ఏమీ రాదు. మనిషి గురించి వాచీ నిజంగా చెప్పగలిగింది అదొక్కటే అని నాకనిపించింది, అదీ పైకి కనిపించని వైపున.

యంత్రం మీద ప్రేమతో, సొంత డబ్బుతో మంచి వాచీ కొనుక్కుంటే కొనుక్కోనివ్వండి. ఫస్ట్ కాపీ అని నకిలీవి అమ్ముతున్నారు, వాటి జోలికి మాత్రం పోకండి. గుర్తుపట్టేవాడు అది నకిలీ అని కూడా గుర్తుపడతాడు. గుర్తుపట్టనివాడి ముందు దాంతో పనే లేదు.

8. అల్లుడి వాచీ.

అలకపాన్పు మీద కూర్చున్న అల్లుడు వాచీ అడగడం మన పెళ్ళిళ్ళలో సరదాగా మొదలైన వేడుక. హెచ్‌ఎంటీ కాలంలో అది కొన్ని వందలతో తీరేది. ఇప్పుడు ముందుగానే కంపెనీ పేరు, మోడలు నంబరు వాట్సాప్‌లో పంపిస్తున్నారు. పెళ్ళికి పర్సనల్ లోన్ అడిగిన తండ్రుల ఖర్చుల జాబితాలు నేను చూశాను. హాలు, భోజనాలు, బంగారం తర్వాత ఒక వరసలో "అల్లుడిగారి వాచీ" అని రాసి, పక్కన అంకె వేసేవారు. చేతిరాత అక్కడ కాస్త చిన్నదయ్యేది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. కానుక అనే పేరు పెట్టుకుని ఈ వాచీ దాని పక్క నుంచి దర్జాగా నడిచి వెళ్తోంది.

మగపెళ్ళివారికి నాదొక విన్నపం. మీ అబ్బాయికి వాచీ కావాలంటే మీరే కొనిపెట్టండి, లేదా వాడి జీతంతో వాణ్ణే కొనుక్కోమనండి. ఆడపిల్ల తండ్రి నెలనెలా వడ్డీ కడుతున్న వస్తువును మీ కొడుకు చేతికి పెట్టి పదిమందిలోకి పంపకండి. ఈ పెళ్ళిళ్ళ సీజన్లో ఒక్క ఇంట్లోనైనా ఆ వరస జాబితాలోంచి కొట్టేస్తే నాకు చాలు.