తెల్లవారుజామున మెలకువ ఎందుకు వస్తుంది?



రాత్రి మూడున్నర, నాలుగు గంటల వేళ మన హాల్లో చూస్తే ఒకరిద్దరైనా కళ్లు తెరుచుకుని పడుకుని ఉంటారు. బెల్ కొట్టడానికి ఇంకా చాలా టైముంటుంది. హైవే మీద లారీల మోత, భీమడోలు స్టేషన్ దాటిపోయే రైలు కూత తప్ప వేరే చప్పుడు ఉండదు. రోజూ అదే టైముకి మెలకువ వస్తోందంటే ఏదో జబ్బేమోనని భయపడేవారు మనలో ఉన్నారు. అది దెయ్యాలు తిరిగే వేళ అని వాళ్లను ఇంకా భయపెట్టేవారూ మనలోనే ఉన్నారు. అసలు సంగతి ఏమిటో చూద్దాం.

మన నిద్ర రాత్రంతా ఒకే తీరుగా సాగదు. దాదాపు గంటన్నరకు ఒక విడత చొప్పున సాగుతుంది. మొదటి రెండు విడతల్లో గాఢనిద్ర ఎక్కువ. అప్పుడు పక్కన పిడుగు పడ్డా కొందరు లేవరు. తరువాతి విడతల్లో గాఢనిద్ర తగ్గి, కలలు వచ్చే పలుచని నిద్ర పెరుగుతుంది. విడతకూ విడతకూ మధ్య అందరికీ కొద్దిగా మెలకువ వస్తుంది. అటు నుంచి ఇటు తిరిగి పడుకుంటాం, పొద్దున్నకి గుర్తుండదు. పదింటికి పడుకున్నవారికి నాలుగింటికల్లా సుమారు నాలుగు విడతలు అయిపోతాయి. అప్పుడు దోమ కుట్టినా, పక్కవాడు దగ్గినా కళ్లు తెరుచుకుంటాయి. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు అంటారు. నిజమయ్యే మాట ఎలా ఉన్నా, ఆ కల మధ్యలో లేస్తాం కనుక బాగా గుర్తుంటుంది.

ఇక రెండవ కారణం మన లోపలి గడియారం. కాలవ గట్ల మీద మనం ముట్టుకుని ఆడుకునే అత్తిపత్తి వంటి మొక్కను 1729లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త ద మెరాన్ చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురు లేకపోయినా దాని ఆకులు వేళకు విచ్చుకున్నాయి, వేళకు ముడుచుకున్నాయి. జీవుల్లో ఈ గడియారాన్ని జన్యువులు ఎలా నడుపుతాయో ఈగల మీద పరిశోధించి చెప్పినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనకైతే ఆ గడియారం మెదడులోని హైపోథాలమస్‌లో ఉంది. నాలుగైదు గంటల వేళ ఒంటి వేడి బాగా తగ్గి, తిరిగి పెరగడం మొదలవుతుంది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గుతూ వస్తుంది, లేవడానికి సిద్ధం చేసే కార్టిసాల్ పెరుగుతుంది.

బెల్ కొట్టకముందే మెలకువ రావడం మనందరికీ అనుభవమే. జర్మనీలో యాన్ బోర్న్ అనే శాస్త్రవేత్త బృందం 1999లో దీని మీద ఒక పరిశోధన ప్రకటించింది. ఆరింటికి లేపుతామని చెప్పి పడుకోబెట్టినవారిలో, కార్టిసాల్‌ను పెంచే హార్మోను సుమారు గంట ముందు నుంచే పెరగసాగింది. తొమ్మిదింటికి లేపుతామని చెప్పినవారిలో అలా జరగలేదు. అంటే నిద్రలో కూడా మనం బెల్ కోసం ఎదురుచూస్తున్నామన్నమాట!

కొల్లేటి ఊళ్ల నుంచి వచ్చిన మన తమ్ముళ్ల సంగతి మరొకటి. వాళ్ల ఇళ్లలో నాన్నలు మూడింటికే లేచి చెరువు గట్టుకు వెళతారు. పగలు నీటిలోని నాచు కిరణజన్య సంయోగక్రియ వల్ల ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది గాని చేపలు, నాచు అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి. అందువల్ల సూర్యోదయానికి కాస్త ముందు నీటిలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. శీలావతి, బొచ్చె చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మబ్బు పట్టిన రోజుల్లో మరీ ఎక్కువ. ఆ వేళ ఏరియేటర్ వేయడం ఆలస్యమైతే ఏడాది కష్టం నీళ్లపాలు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడు ట్రంకు పెట్టెతో పాటు ఆ గడియారాన్ని కూడా హాస్టల్‌కు తెచ్చుకుంటాడు. అది జబ్బు కాదు.

అయితే మేము గట్టిగా చెప్పదలచిన మాట ఒకటుంది. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. పైగా ఈ వయసులో నిద్ర సహజంగానే ఆలస్యంగా వస్తుంది. రాత్రి పదకొండు దాకా కబుర్లు చెప్పి ఐదింటికి లేచేవాడికి దక్కేది ఆరు గంటలే. తెల్లవారుజామున చదివింది బాగా ఎక్కుతుందంటారు. నిద్ర నిండినవాడికి ఎక్కుతుంది. నిద్ర చాలనివాడు పుస్తకం ముందు కూర్చుని తూగుతాడు, అంతే. చదివిన పాఠం మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, పబ్లిక్ పరీక్షల ముందు నిద్ర మానుకోవడం మనకే నష్టం.

మధ్యలో మెలకువ వస్తే టైము చూడవద్దు, ఫోను వెలిగించవద్దు. కళ్లు మూసుకుని ఊరికే పడుకోవాలి. సాయంత్రం దాటాక టీ తాగవద్దు. దోమతెర సరిగా కట్టుకోవాలి.

కొత్తగా చేరిన తమ్ముళ్లు కొందరు ఆ వేళ లేచి, ఇల్లు గుర్తొచ్చి, దుప్పటిలో ఏడుస్తారు. పక్కన ఉన్న అన్నలు ఎగతాళి చేయకుండా పలకరించండి. రెండు వారాలకు పైగా రోజూ పెందలాడే మెలకువ వచ్చి, పగలు కూడా దిగులుగా ఉండి, తిండి మీద, ఆట మీద మనసు పోకపోతే దాన్ని దాచుకోకూడదు. వార్డెన్ గారికో, డాక్టరు గారికో చెప్పాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.