డ్యాష్‌బోర్డుకు చిల్లు పెట్టే ముందు

అనకాపల్లి

మేనల్లుడికి,

నువ్వు కొన్న పాత ఎంఎం540 జీపు ఫొటోలు చూశానురా. రేకు డ్యాష్‌బోర్డు గట్టిగానే ఉంది, తుప్పు పెద్దగా తినలేదు. ఆ 2,112 సీసీ పెజో డీజిల్ ఇంజిన్‌కి ఓపిక ఎక్కువ. నూనె, నీళ్లు కనిపెట్టుకుని ఉంటే నీకు చాలాకాలం పనిచేసి పెడుతుంది. మొన్న ఫోన్లో నాలుగు మీటర్లు వరసగా పెట్టిస్తానన్నావు. ఆ విషయం ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నాను.

నాలుగు వద్దు. ముందు ఒక్కటి పెట్టు, నీళ్ల టెంపరేచర్ మీటరు. నువ్వు తిరిగేది హైవే మీద కాదు కదా. కాఫీ తోటలోకి వెళ్లే మట్టిదారిలో, లో గేరులో, మనిషి నడిచే వేగంతో కొండ ఎక్కుతావు. అప్పుడు రేడియేటరుకు ఎదురుగాలి తగలదు. ఫ్యాను బెల్టు మీద తిరిగేది కాబట్టి ఇంజిన్ ఎంత తిరిగితే అదీ అంతే. బరువు మాత్రం ఇంజిన్ పూర్తిగా లాగుతూ ఉంటుంది. వేడి పెరిగేది అక్కడే. డ్యాష్‌బోర్డులో పాత ముల్లు చల్లన, వేడి అని రెండు మాటలే చెబుతుంది. నీకు అంకెలు కావాలి.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ముప్పై అయిదేళ్ల కిందట అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాను, జీపు నిండా సరుకు. ముల్లు మెల్లగా పైకి పోయింది. ఎక్కడ ఆపుదామా అని చూస్తూ ఉండగానే అది తిరిగి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఇంజిన్ చల్లబడిందనుకుని సంతోషంగా నడుపుకుంటూ పోయాను. రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి ఇంజిన్ పట్టేసింది. బానెట్ ఎత్తి చూస్తే కింది హోసు పగిలి ఉంది, రేడియేటర్లో చుక్క నీరు లేదు. సెన్సారు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్లు పోయాక దాని చుట్టూ మిగిలింది గాలీ ఆవిరీ, అవి నీళ్లలా వేడిని అందించలేవు. ఇనుము కాలిపోతూ ఉంటే ముల్లు దిగిపోయింది. హెడ్ వంగింది, గ్యాస్కెట్ కాలింది. ఆ ఖర్చు తీర్చడానికి నాకు ఏడాది పట్టింది. ఎక్కుడులో ఉన్నట్టుండి ముల్లు దిగిందంటే, అది పైకి పోవడం కన్నా పెద్ద ప్రమాదమని గుర్తుపెట్టుకో. వెంటనే ఆపు.

ఇక పని సంగతి. మీటర్లు రెండు రకాలు. ఒకదానికి కరెంటు అక్కర్లేదు. సన్నటి గొట్టం చివర బల్బు ఉంటుంది, అందులోని ద్రవం వేడికి ఒత్తిడి పెంచి ముల్లును తిప్పుతుంది. నమ్మకమైనదే. కానీ ఆ గొట్టాన్ని కోయకూడదు, మడత పడనీయకూడదు. రాళ్ల దారిలో అదిరి ఎక్కడైనా చిట్లితే మీటరు మొత్తం పోయినట్టే. రెండోది కరెంటుది. దాని సెన్సారులో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది, మీటరు ఆ తేడాను అంకెగా చూపిస్తుంది. నీ బండికి ఇదే మేలు. ఒక్క షరతు, మీటరూ సెన్సారూ ఒకే పెట్టెలోంచి రావాలి. ఒక కంపెనీ మీటరుకు ఇంకో కంపెనీ సెన్సారు కలిపితే ముల్లు తిరుగుతుంది, చెప్పే అంకె మాత్రం అబద్ధం.

బిగించక ముందే ఇంట్లో పరీక్ష చెయ్యి. బ్యాటరీకి వైర్లు కలిపి, సెన్సారు ఒంటికి ఎర్త్ ఇచ్చి, దాని కొనను మరిగే నీళ్ల గిన్నెలో ముంచు. వైరు తగిలించే చోటు తడవనీయకు. మీ అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మీటరు 100 చూపలేదని దుకాణంవాడితో తగువు పడకు. 97కి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే మంచి మీటరే.

సెన్సారు ఎక్కడ కూర్చోవాలన్నదే అసలు ప్రశ్న. ఇంజిన్ నుంచి వేడి నీళ్లు బయటికొచ్చే దారిలో, హెడ్ దగ్గర, థర్మోస్టాట్‌కి ఇవతల ఉండాలి. అక్కడ ఖాళీ ప్లగ్గు దొరికితే మరలు కొలిచి అదే వాడు. దొరక్కపోతే పై హోసును కోసి మధ్యలో అల్యూమినియం ముక్క ఇరికించి దానికి సెన్సారు బిగిస్తారు. అదీ పనికొస్తుంది, కానీ రెండు తేడాలు తెలుసుకో. థర్మోస్టాట్ తెరుచుకునే దాకా అది చల్లగానే చూపిస్తుంది. ఆ ముక్కకు రెండు పక్కలా రబ్బరే కాబట్టి ఎర్త్ అందదు, విడిగా ఎర్త్ వైరు వేసి తీరాలి. హెడ్‌లో బిగించేటప్పుడు కూడా మరలన్నిటి మీదా టెఫ్లాన్ టేపు మందంగా చుట్టకు. ఒంటి వైరు సెన్సారు మరల గుండానే ఎర్త్ తీసుకుంటుంది, టేపు దానికి అడ్డం పడుతుంది.

వైరింగ్ దగ్గర తొందర వద్దు నాన్నా. నేను చూసిన మీటర్ల ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మీటరు కాదు, వైరు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ లగ్గు తీసెయ్. కీ తిప్పితేనే వచ్చే లైను నుంచి కరెంటు తీసుకో, నేరుగా బ్యాటరీ నుంచి వద్దు. తీసుకున్న చోటే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. మీటరు దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో ఒరుసుకున్న వైరును కాపాడలేదు. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు గోడలోంచి వైరు దూరే చోట రబ్బరు గ్రోమెట్ లేకుండా పని ముగించకు. రేకు అంచు కత్తిలాంటిది, మన దారుల కుదుపుకు కొన్ని నెలల్లోనే తొడుగును కోసేస్తుంది. సైలెన్సర్ గొట్టానికి దూరంగా, స్లీవు తొడిగి, జానెడుకొక చోట కట్టు. వైర్లను చేత్తో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టడం మన దగ్గర అలవాటు. ఎండకు ఆ టేపు జిగురు కారి ఊడిపోతుంది. లగ్గు వేసి నొక్కించు. మీటరు ఎర్త్‌ను రంగు పూసిన రేకు మీద కాకుండా గీకి శుభ్రం చేసిన చోట బిగించు. అంతా అయ్యాక రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి చూడు. లైటు వెయ్యగానే టెంపరేచర్ ముల్లు కదిలితే ఎర్త్ సరిగ్గా లేనట్టే.

మీటరు 52 మిల్లీమీటర్లది కాబట్టి చిల్లు కూడా అంతే. స్టీరింగ్ పట్టుకుని సీట్లో కూర్చుని, మెడ తిప్పకుండా చూపు పడే చోట ముందు కాగితం ముక్క అతికించు. ఒక రోజు అలాగే తిరుగు. ఇంకో కిటుకు. మామూలు వేడి దగ్గర ముల్లు నిటారుగా నిలిచేలా మీటరును కొంచెం తిప్పి బిగించు. అంకె చదవక్కర్లేకుండా, ముల్లు వాలితే కంటికి తెలిసిపోతుంది. రేసు బళ్లవాళ్లు చేసే పని ఇది.

మొదటి నెల ఒక చిన్న పుస్తకంలో రాసుకో. పొద్దున చలిలో ఎంత, తోట ఎక్కుడులో ఎంత, సంత రోజు బరువుతో ఎంత. నీ బండి తీరు అలా తెలుస్తుంది. 80కీ 95కీ మధ్య ఉంటే నీ పని నువ్వు చేసుకో. 100 దాటి ఎక్కుతూనే ఉంటే పక్కకు ఆపు. నీళ్లు కారడం కనబడకపోతే బరువు లేకుండా ఇంజిన్ కాసేపు తిరగనియ్యి. హోసు పగిలితే, ఆవిరి కొడితే ఆ క్షణమే ఆపెయ్. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తియ్యకు. ఆ మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచడం వల్లే నీళ్లు 100 దాటినా మరగకుండా ఉంటాయి. తీశావంటే అంతా ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. మీ తాతయ్య కుడి చేతి మీద మచ్చ అలా వచ్చిందే.

ఆయిల్ ప్రెజర్ మీటరు వచ్చే ఏడాది చూద్దాం. అప్పుడైనా ఎర్ర లైటు స్విచ్చి పీకెయ్యకుండా రెండూ ఉండేలా చేద్దాం. ఆంపియర్ మీటరు అసలు వద్దు. బండి కరెంటంతా డ్యాష్‌బోర్డు వెనక్కి వచ్చి పోవాలి దానికి, ఒక్క లగ్గు వదులైతే నిప్పే. దాని బదులు వోల్ట్ మీటరు చాలు. ఇంజిన్ తిరుగుతుంటే 14 దగ్గర చూపిస్తే డైనమో బాగున్నట్టు.

వచ్చే ఆదివారం పొద్దున కిరండూల్ ప్యాసింజర్‌కి వస్తున్నాను. హోల్ సా, నొక్కే ప్లయరు, గ్రోమెట్లు నేనే తెస్తాను. నేను వచ్చేదాకా డ్యాష్‌బోర్డుకు చిల్లు పెట్టకు.

ఇట్లు
నీ మేనమామ