రక్తపరీక్షలో స్కిజోఫ్రీనియా తెలుస్తుందా?



“సిస్టర్, రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చాయి. అంటే మా వాడికి జబ్బు లేనట్టేనా?” అని మీలో చాలామంది అడుగుతుంటారు. మల్లాపూర్, నాచారం వాళ్లకు ఈ సందేహం రావడం సహజమే. హబ్సిగూడలో సీసీఎంబీ, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ వంటి పెద్ద పరిశోధన సంస్థలు మన దారిలోనే ఉన్నాయి. చుక్క రక్తంతో ఎన్నో చెప్పగలిగే ఈ రోజుల్లో ఈ జబ్బును ఎందుకు చెప్పలేరు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

జబ్బు సంగతి

స్కిజోఫ్రీనియా మెదడుకు వచ్చే జబ్బు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. ఎక్కువగా యుక్తవయసులో మొదలవుతుంది. ఎవరూ లేకున్నా మాటలు వినబడటం, అయినవారినే అనుమానించడం, స్నానం, పని, స్నేహాలు వదిలేయడం దీని లక్షణాలు. ఇది మీ పెంపకంలో లోపం కాదు. చేతబడి అంతకన్నా కాదు.

రక్తంలో ఏం వెతుకుతున్నారు?

మొదటిది బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీను. దీనిని 1982లో మొదటిసారి వేరుచేశారు. మొక్కకు ఎరువు ఎలాగో, మెదడులోని నరాల కణాలు ఎదగడానికి, ఒకదానితో ఒకటి కలవడానికి ఇది అలాగ తోడ్పడుతుంది. ఈ జబ్బు ఉన్నవారిలో ఇది సగటున తక్కువగా ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించింది.

రెండవది లోపలి వాపు. దెబ్బ తగిలినచోట వాచినట్టే, శరీరం లోపల కూడా ఒక రకమైన వాపు వస్తుంది. అప్పుడు రక్తంలో సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగుతాయి. ఈ రోగులలో ఇవి సగటున కొంచెం ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ “సగటున” అనే మాటను గమనించండి. పదో తరగతి పిల్లలు తొమ్మిదో తరగతి వారికంటే సగటున పొడవు. అలాగని ఒక పిల్లవాడి ఎత్తు చూసి, వాడు ఏ తరగతో చెప్పగలమా? ఇదీ అంతే. పంటిలో చీము పట్టినా, న్యుమోనియా వచ్చినా, ఒళ్లు ఎక్కువైనా సీఆర్‌పీ పెరుగుతుంది. డిప్రెషన్‌లో కూడా బీడీఎన్‌ఎఫ్ తగ్గవచ్చు. అందుకే ఈ పరీక్షలు ఇంకా పరిశోధనల వరకే. వీటితో జబ్బును నిర్ధారిస్తామని ఎవరైనా అంటే డబ్బు ఖర్చు పెట్టకండి.

మరి డాక్టరు రక్తం ఎందుకు తీయిస్తారు?

1. థైరాయిడ్, విటమిన్ బి12 లోపం, ఇన్‌ఫెక్షన్ల వల్ల కూడా మనసు గాడి తప్పవచ్చు. అవి ఉన్నాయేమో చూడటానికి. “నార్మల్” అంటే వెతికిన ఆ జబ్బులు కనబడలేదని అర్థం. స్కిజోఫ్రీనియా లేదని కాదు, రోగి నటిస్తున్నాడనీ కాదు.

2. ఓలాంజపిన్ వంటి మందులతో బరువు, షుగర్, కొలెస్టరాల్ పెరగవచ్చు. వాటిని కనిపెట్టి ఉండటానికి.

3. క్లోజపిన్ వాడేవారిలో కొద్దిమందికి తెల్లకణాలు ప్రమాదకరంగా తగ్గుతాయి. అందుకే మొదటి 18 వారాలు వారం వారం పరీక్ష చేస్తారు. ఆ తర్వాత కూడా డాక్టరు చెప్పినట్టు చేయించాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు ఆసుపత్రికి రండి.

హెచ్చరిక: కొద్ది రోజుల్లోనే మనిషి మారిపోయి జ్వరం, ఫిట్స్, మూతి లేదా చేతులు వింతగా కదలడం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే అది మెదడువాపు కావచ్చు. అలాంటి ఒక రకాన్ని 2007లో గుర్తించారు. దానికి రక్తంతోపాటు వెన్నులోని నీటిని పరీక్షిస్తారు. చికిత్స కూడా వేరు. ఒక్క రోజు కూడా ఆగకండి.

మీరు చేయవలసినవి

• ఈ జబ్బును గుర్తించేది రోగితో మాట్లాడి, మీరు చెప్పేది విని. కాబట్టి మార్పు ఎప్పుడు మొదలైంది, నిద్ర, తిండి, మాట ఎలా ఉన్నాయి అన్నవి ఒక నోటుబుక్కులో రాసి తీసుకురండి.

• రిపోర్టు బాగుందని, మనిషి కుదుటపడ్డాడని మందులు మీ అంతట మీరు ఆపకండి. ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.

• “ఎర్రగడ్డకు పంపుతాం” అని బెదిరించకండి, వేళాకోళం చేయకండి. అక్కడ ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. అది శిక్ష వేసే చోటు కాదు.

• చనిపోతానని అంటే తేలికగా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

• 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళనైనా తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు.

• ప్రార్థన చేయండి, మందు కూడా వేయండి. సువార్త రాసిన లూకా వైద్యుడే కదా!

రక్తంతో ఈ జబ్బును చెప్పే రోజు రేపు రావచ్చు. దానికోసం ఈ రోజు చికిత్సను ఆపకండి. ఎంత త్వరగా మొదలుపెడితే మీ బిడ్డ తిరిగి చదువుకో, పనికో వెళ్లే అవకాశం అంత ఎక్కువ.