మామూళ్ల ఖర్చు ఎక్కడ తేలుతుంది?

ప్రశ్న: కొత్త ఫ్లాటు చూడ్డానికి బాగుంది. కానీ రెండో వానకే గోడలు చెమ్మెక్కాయి. లంచాలకూ కట్టడం నాణ్యతకూ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. ఇచ్చిన మామూళ్లను కాంట్రాక్టరు సొంత జేబులోంచి పెట్టుకోడు కదా! సిమెంటు పాళ్లలో, పిల్లర్ రింగుల మధ్య దూరంలో, క్యూరింగ్ రోజుల్లో రాబట్టుకుంటాడు. ప్లాస్టరింగ్ అయ్యాక ఎవరికి కనపడుతుంది? భూకంపం లాంటిది వచ్చినప్పుడే బయటపడుతుంది. 2001 జనవరి 26 గుజరాత్ భూకంపంలో, భూకంప కేంద్రానికి 200 కి.మీ. పైన ఉన్న అహ్మదాబాద్‌లోనూ అపార్టుమెంట్లు కూలాయి. చాలావాటికి కింద పార్కింగు కోసం గోడల్లేకుండా పిల్లర్లే ఉన్నాయి. డిజైన్ నిబంధనలు పట్టించుకోలేదు. మీ బిల్డరును కాంక్రీటు బలం చూపే 28 రోజుల క్యూబు పరీక్ష రిపోర్టులు అడగండి. చెమ్మకు మాత్రం ముందు బయటి గోడ పగుళ్లు, కిటికీ అంచులు చూపించండి. ఆ చెమ్మకు కారణం పనివాడి ఒట్టి అజాగ్రత్తే కావచ్చు.