ముత్తాతకు ముందు ఎవరు? ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. తాత పేరు వరకే తెలుసు. అంతకు ముందు తరాల వివరాలకు ముందుగా ఏ ఆఫీసుకు వెళ్లాలి?

జవాబు: ఆఫీసు సంగతి తర్వాత. ముందు మీ బంధువుల్లో అందరికంటే పెద్దావిడ ఎవరో చూసి, ఈ వారమే వెళ్లి కూర్చోండి. తహసీల్ కాగితాలు వచ్చే ఏడాదికైనా ఉంటాయి, ఆమె జ్ఞాపకానికి ఆ హామీ లేదు. ‘మన వంశం గురించి చెప్పత్తమ్మా’ అంటే ఏం చెప్పాలో తోచదు. ఎవరి పెళ్లికి ఏ ఊరికి బండ్లు కట్టారు, ఎవరు ఇల్లరికం వచ్చారు, ఎవరిని దత్తత ఇచ్చారు అని అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. దత్తతతో ఇంటిపేరే మారిపోతుంది. ఆ సంగతి తెలియకపోతే మీరు వెతికే మనిషి కాగితంలో ఉన్నా కనబడడు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. మన ఇళ్లలో రాసిపెట్టిన వంశవృక్షాల్లో చాలావాటిలో కొడుకులే ఉంటారు, వాళ్లను కన్న తల్లులుండరు. మీరు అలా రాయకండి. ప్రతి తరంలోనూ ఆమె పేరు, పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు అడిగి రాయండి.

ఇక ఆఫీసు సంగతి. భూమి ఉన్న కుటుంబమైతే తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీసుకోండి. పట్టాదారుతో పాటు సాగులో ఉన్నవారి పేరూ అందులో ఉంటుంది. పాత అమ్మకపు దస్తావేజుల్లో హద్దులు చదవండి. అన్నదమ్ముల పంపకాల్లో చీలిన భూమి కాబట్టి పక్క పొలం తరచూ దాయాదులదే అవుతుంది. నిజాం కాలపు కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలపండి: 1340 ఫసలీ అంటే 1930-31. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. తండ్రి పేరు కలిసేదాకా ఇద్దరినీ ఒకరనుకోకండి.

ప్రశ్న: నల్గొండ జిల్లాలో మా పెద్దలు కూలి చేసి బతికారు. గుంట భూమి లేదు. మాకూ ఏమైనా దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి పేరు ఉంటుంది. పుట్టిన తేదీని మాత్రం నమ్మకండి, చాలామందికి అది పంతులుగారు అంచనాగా వేసిందే. పాత ఓటర్ల జాబితాలు వెతకండి, భూమి కాగితాల్లో లేని ఆడవాళ్ల పేర్లు వాటిలో ఉంటాయి. జనగణన ఫారాల కోసం తిరగకండి. 1948 చట్టం ప్రకారం వాటిని ఎవరికీ చూపించరు.

మీ కులానికి ఆశ్రితులైన కథకులు ఉంటే తప్పక కలవండి. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు తరతరాలుగా కులకథ చెబుతున్నారు. ఏ ఊళ్లు ఎవరివన్నది వాళ్లలో వాళ్లే పంచుకుని ఉంటారు, కాబట్టి మీ ఊరి హక్కు ఉన్న కుటుంబాన్నే వెతకండి. వాళ్ల సంభావన వాళ్లకు ఇవ్వండి, అది వాళ్ల బతుకుతెరువు.

ప్రశ్న: మేం డర్బన్‌లో ఉంటున్న తెలుగువాళ్లం. మా పూర్వీకుల ఊరు ఏదో తెలుసుకోగలమా?

జవాబు: 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కు వచ్చిన ఒప్పంద కూలీల వివరాలు ఓడల జాబితాల్లో ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. ముందు ఇంట్లోని పాత పెళ్లి, మరణ పత్రాల్లో ఆ నంబరు వెతకండి. ఇంగ్లీషు గుమాస్తాలు చెవిన పడ్డట్టు రాసుకున్నారు కాబట్టి ఊరి పేరును పైకి చదివి, ఆ జిల్లా తెలిసినవారికి వినిపించండి.