వైద్యం, భౌతికం, గణితం: 2023 పురస్కారాలు

వైద్యశాస్త్ర నోబెల్ కటలిన్ కరికో (హంగరీలో జననం), డ్రూ వైస్‌మన్ (అమెరికా)లకు దక్కింది. బయటి నుంచి వచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏను శరీరం శత్రువుగా భావించి వాపు ప్రక్రియను రేపుతుంది. అందులోని యురిడిన్‌కు బదులు సూడోయురిడిన్ వాడితే ఆ ప్రతిచర్య దాదాపు ఆగిపోతుందని వీరు 2005లో చూపారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని ఈ ఫలితమే కొవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు పునాది అయింది. పరీక్షల్లో ప్రశ్న ఇక్కడి నుంచి రావచ్చు కాబట్టి, సూడోయురిడిన్ పేరు గుర్తుంచుకోండి.

భౌతికశాస్త్రంలో పియరీ అగోస్తిని, ఫెరెంక్ క్రౌజ్, ఆన్ లూలియే విజేతలు. ఎలక్ట్రాన్ల కదలికను పరిశీలించే అటోసెకను కాంతి స్పందాలు వీరి కృషి. అటోసెకను అంటే సెకనులో 10¹⁸వ వంతు. భౌతిక నోబెల్ పొందిన అయిదో మహిళ లూలియే.

గణితంలో ఏబెల్ బహుమతి లూయిస్ కఫరెల్లికి వచ్చింది. తెలుగు విద్యార్థి మాత్రం సి.ఆర్.రావు దగ్గర కాసేపు ఆగాలి. హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుకు 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. దానికి మూలం కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో 1945లో వచ్చిన పరిశోధన పత్రం. క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండింటికీ బీజాలు అందులోనే ఉన్నాయి. ఏ అంచనా అయినా ఎంత కచ్చితంగా ఉండగలదో మొదటి ఫలితం హద్దు గీస్తుంది; ఉన్న అంచనాను మెరుగుపరిచే దారి రెండోది చూపుతుంది. ఆయన 2023 ఆగస్టులో కన్నుమూశారు.