మధుమేహం, రక్తపోటు - కనుపాప వెనుక జరిగే హాని

ఇంద్రియాలన్నింటిలోను నేత్రమే ప్రధానమని పెద్దల మాట. అయితే కంటికి వచ్చే చేటు ఎల్లప్పుడూ కంటిలోనే పుట్టదు. మధుమేహం, అధిక రక్తపోటు, రక్తహీనత, మూత్రపిండ వ్యాధి వంటివి కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండానే లోపలి రక్తనాళాలను, నాడులను దెబ్బతీస్తాయి.

అనంతపురం జిల్లాలోని బెళుగుప్ప వంటి కరవు సీమలో ఈ విషయం మరింత ముఖ్యమైనది. వానలు లేక వేరుశనగ ఎండిన ఏడు పనికోసం బెంగుళూరుకు తరలిపోయేవారు మాత్రలను మధ్యలోనే మానివేసే ప్రమాదం ఉంది. పట్టణంలో ఉద్యోగం చేస్తూ, తల్లిదండ్రులను ఊరిలో ఉంచినవారికి వారి మందులు ఎప్పుడు అయిపోయినవో తెలియకపోవచ్చును. ఆ నెలలలో చూపు బాగానే ఉన్నట్లు తోచినా, లోపల హాని పెరుగుతూనే ఉంటుంది.

నేత్రపటలం అంటే ఏమి?

కంటి వెనుక గోడను లోపలివైపు కప్పి ఉండే పలుచని పొర నేత్రపటలం. వైద్యులు రెటీనా అనేది దీనినే. దీని మందం సుమారు పావు మిల్లీమీటరు. ఇక్కడినుండి బయలుదేరే 10 లక్షలకు పైగా నాడీతంతువులు ఒక కట్టగా కూడి, నేత్రనాడి రూపంలో మెదడువైపు సాగుతాయి. శరీరాన్ని కోయకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగిన చోటు ఇది. 1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలి భాగాన్ని చూపే సాధనాన్ని లోకానికి అందించాడు. నాటినుండి నేత్రపటలాన్ని చూచి దేహంలోని వ్యాధి తీవ్రతను అంచనా వేయడం వైద్యులకు సాధ్యమయింది.

ఏ వ్యాధి ఏమి చేస్తుంది?

మధుమేహం: రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి అధికంగా ఉన్నప్పుడు సూక్ష్మ రక్తనాళాల గోడలు బలహీనపడి చిన్న బుడగలవలె ఉబ్బుతాయి. వాటినుండి రక్తం, కొవ్వుతో కూడిన ద్రవం స్రవిస్తాయి. చూపుకు కేంద్రమైన భాగంలో నీరు చేరితే అక్షరాలు మసకబారుతాయి. కొన్ని నాళాలు మూసుకొనిపోగా, వాటికి బదులు పెళుసైన కొత్త నాళాలు పుడతాయి. అవి చిట్లినప్పుడు కంటి లోపల రక్తం నిండి చూపు ఒక్కసారిగా పోవచ్చును.

రక్తపోటు: ధమనులు సన్నబడి, గట్టిపడి, తాము దాటే సిరలను నొక్కుతాయి. పోటు మితిమీరితే రక్తస్రావాలు, దూదిపింజలవంటి తెల్లని మచ్చలు, చివరకు నేత్రనాడి మొదట వాపు కనిపిస్తాయి. 1939లో కీత్, వాగెనర్, బార్కర్ అనే వైద్యులు ఈ మార్పులను నాలుగు దశలుగా విభజించారు. నాడి వాచిన నాల్గవ దశ ప్రాణానికే అపాయాన్ని సూచిస్తుంది.

రక్తహీనత: తీవ్రమైనప్పుడు నేత్రపటలం పాలిపోయి, అక్కడక్కడ రక్తపు మచ్చలు ఏర్పడతాయి.

నాడులు: మధుమేహం కంటిని కదిలించే నాడులను దెబ్బతీస్తే ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. బి12 విటమిను లోపం, పొగాకు, క్షయకు వాడే ఇతాంబ్యుటాల్ మాత్ర కూడా నేత్రనాడికి హాని చేయగలవు. ఆ మాత్ర వాడేవారికి రంగులు వెలిసినట్లు తోచినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను.

కళ్లద్దాలతో సరిపోదు

2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభమైన కంటి వెలుగు పథకం నేత్రపరీక్ష అవసరాన్ని పల్లెలకు గుర్తుచేసింది. అయితే గోడమీది అక్షరాలు చదవగలిగినంత మాత్రాన నేత్రపటలం ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు. కనుపాపను పెద్దదిగా చేసే చుక్కలు వేసి లోపల చూడవలెను. ఆ తరువాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది గనుక వెంట ఒకరిని తీసుకొని వెళ్లవలెను, బండి నడపరాదు.

గృహచికిత్స ఎంతవరకు?

సుశ్రుతసంహిత 76 నేత్రరోగాలను వివరించింది. తిమిరం కంటి పటలాలలో ఒకదానినుండి మరొకదానికి వ్యాపిస్తుందని చెప్పింది. త్రిఫల కషాయంతో కన్నులు కడగడం మన ఇళ్లలో వాడుకలో ఉంది. అయితే ఆ కషాయం కంటి ముందుభాగాన్నే తాకుతుంది. వెనుకనున్న నేత్రపటలంలోని రక్తస్రావాన్ని ఆపలేదు. ఆకు పసరు, తేనె, చనుబాలు కంటిలో వేయరాదు; క్రిములు చేరి కన్నే పోవచ్చును.

ఇంటివారు చేయగల మేలు ఆహారంలో ఉన్నది. రాగి సంగటి మంచిదే, కాని అదీ పిండిపదార్థమే. ముద్ద పరిమాణం తగ్గించి ఆకుకూర పెంచవలెను. మునగాకు, తోటకూర వంటివాటితో నిమ్మరసం చేరితే ఇనుము బాగా వంటబడుతుంది. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. ఊరగాయలోని ఉప్పును కూడా లెక్కించవలెను. మెంతులు చక్కెరను కొంత తగ్గించవచ్చును గాని మాత్రలకు బదులు కావు.

పరీక్ష ఎప్పుడు?

1. పెద్దలలో మధుమేహం బయటపడిన వెంటనే, తరువాత ఏటేటా.
2. మధుమేహం గల స్త్రీ గర్భవతి అయినప్పుడు తొలి నెలలలోనే.
3. రక్తపోటు చాలా ఎక్కువగా ఉన్నా, మూత్రపిండ వ్యాధి ఉన్నా వైద్యుడు చెప్పినప్పుడెల్ల.
4. నల్లని తీగలు తేలినా, తెర కప్పినట్లున్నా, చూపు హఠాత్తుగా తగ్గినా అదేరోజు.

1993లో వెలువడిన అమెరికా, కెనడా దేశాల అధ్యయనం ప్రకారం ఇన్సులిన్‌పై ఆధారపడిన రోగులలో చక్కెరను గట్టిగా అదుపు చేయగా, కొత్తగా నేత్రపటల వ్యాధి వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. లేసరు, కంటిలోనికిచ్చే సూదిమందు, శస్త్రచికిత్స నేడు ఉన్నాయి. అవి ఉన్న చూపును కాపాడడంలో సమర్థమైనవి. పూర్తిగా పోయిన చూపును తెప్పించడం కష్టం. కావున పని కోసం ఊరు విడిచేవారు మందుల చీటీని, రెండు నెలల మాత్రలను సంచిలో ఉంచుకొనవలెను. ఇంట్లో మధుమేహం, రక్తపోటు గల పెద్దలుంటే, చూపు చక్కగా ఉన్న ఈనాడే వారిని నేత్రవైద్యుని వద్దకు తీసుకొని వెళ్లవలెను.